మొదటి ఆర్పీజీకే వంద గంటల ఆట వద్దు

పోయిన సంచికలో వీడియో గేముల గురించి మాటవరసకు నాలుగు లైన్లు రాశాం. అంతే, బెంగళూరు నలుమూలల నుంచీ ఉత్తరాలు పట్టుకున్నాయి. వాటిలో సగానికి పైగా ఒకే ప్రశ్న: రోల్ ప్లేయింగ్ గేములు, అంటే మనమే ఒక పాత్రలోకి దూరి కథ నడిపే ఆటలు, అదే ఆర్పీజీలు, అసలు ఎక్కడ మొదలుపెట్టాలి? ఐదు ఉత్తరాలు ఏరి జవాబులు రాస్తున్నా. మొదటిదానికే ఎక్కువ చోటు పట్టింది, మిగతావాళ్లు ఏమీ అనుకోకండి, మీకు కావలసింది కూడా చాలావరకు అందులోనే ఉంది.

ప్రశ్న: అన్నా, మాది ఒంగోలు. మారతహళ్లిలో పీజీలో ఉంటూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నా. చిన్నప్పుడు ఇంటర్నెట్ సెంటర్లో వైస్ సిటీ, ఇంట్లో క్రికెట్ గేము, కాలేజీలో పబ్జీ, నాకు తెలిసిన ఆటలు ఇవే. మా రూమ్మేట్ ఎప్పుడు చూసినా విచర్ 3లోనే ఉంటాడు. మొన్న వాడి సిస్టమ్ ముందు కూర్చుంటే అరగంటలో బుర్ర వేడెక్కింది. ఎవడు ఎవడో తెలీదు, ఏ బటన్ దేనికో తెలీదు, తోడేళ్ల గుంపు వచ్చి చంపేసింది. ఇంకో ఫ్రెండేమో ఎల్డెన్ రింగ్ ఆడకపోతే బతుకు వేస్టంటాడు. నా దగ్గరున్నది గ్రాఫిక్స్ కార్డు లేని మామూలు ల్యాప్‌టాప్. రాత్రి భోంచేశాక ఓ గంట ఖాళీ దొరుకుతుంది. ఏది ఆడమంటావు?

జవాబు: తమ్ముడూ, తప్పు నీది కాదు, వరసది. విచర్ 3 మూడో భాగమని పేరే చెబుతోంది. 2015లో పోలండ్ కంపెనీ సీడీ ప్రాజెక్ట్ రెడ్ తీసిన ఆట అది. అంతకుముందు రెండు ఆటలున్నాయి, వాటికీ ముందు ఆ దేశపు రచయిత రాసిన నవలలున్నాయి. హీరో గెరాల్ట్‌కి యెనిఫర్ ఎవరో, సిరి ఎవరో ఎప్పటినుంచో తెలుసు, తెలియనిది నీకొక్కడికే. ఇది చాలదన్నట్టు ఒక చేత్తో కెమెరా తిప్పాలి, ఇంకో చేత్తో కత్తి తిప్పాలి, మనుషులకొక కత్తి, దయ్యాలకొక కత్తి, మధ్యలో కషాయాలు, కత్తికి పూసే నూనెలు, మంత్రాలు. మీ వాడికి అదంతా చేతికి అలవాటైపోయింది కాబట్టి చూస్తుంటే తేలిగ్గా అనిపిస్తుంది.

కొత్తగా ఆర్పీజీ పట్టినవాడు ఒకేసారి మూడు నేర్చుకోవాలి. చేతులకు పని ఒకటి, అంటే తప్పించుకోవడం, గురి చూడటం, టైమింగ్. లెక్కలు ఒకటి, అంటే హెచ్‌పీ (ప్రాణం ఎంతుందో), ఎంపీ (మంత్రశక్తి ఎంతుందో), లెవెల్, ఏ కవచానికి ఎంత బలం. మూడోది కథ, ఎవరు మనవాళ్లు, ఎవరు కాదు, ఎందుకు తిరుగుతున్నాం. ఈ మూడూ ఒకేరోజు నెత్తిన పడితే ఎవడైనా చేతులెత్తేస్తాడు. నేను ఎవరికి చెప్పినా చెప్పేది ఒకటే: మొదటి ఆటలో చేతులకు పరీక్ష పెట్టకూడదు. లెక్కలు కొంచెం, కథ నిండుగా ఉండాలి. ఇంకో షరతు కూడా ఉంది, అది ఓ నెలలో పూర్తయిపోవాలి. ఒక ఆర్పీజీ చివరిదాకా చూసినవాడికి రెండోది ఎలా ఎంచుకోవాలో ఎవరూ చెప్పక్కర్లేదు. సగంలో వదిలేసిన నాలుగు ఆటలున్నవాడికి మాత్రం ఐదోదీ సగంలోనే ఆగుతుంది.

కొత్తవాళ్ల గురించి ఈ ఆటలు కట్టినవాళ్లే మొదట్లో చాలా ఆలోచించారు. దీనికంతటికీ మూలం 1974లో అమెరికాలో వచ్చిన డంజియన్స్ అండ్ డ్రాగన్స్. కంప్యూటర్ లేదు, బల్ల చుట్టూ కూర్చుని పాచికలు వేస్తూ, నువ్వు యోధుడివి, నేను మంత్రగాణ్ణి అని చెప్పుకుంటూ ఆడటమే. దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించిన తొలి ఆటలు బాగా ముదిరినవాళ్లకే అర్థమయ్యేవి. 1986లో జపాన్‌లో యూజీ హొరీ అనే ఆయన డ్రాగన్ క్వెస్ట్ తీశాడు, అప్పటిదాకా ఇలాంటి ఆట మొహం చూడని పిల్లల చేతిలో పెట్టడానికి. అది ఎలా మొదలవుతుందో చూడు. రాజుగారి గదిలో నిలబడి ఉంటావు, తలుపుకు తాళం. రాజుతో మాట్లాడాలి, పెట్టె తెరవాలి, అందులో దొరికిన తాళంచెవితో తలుపు తీయాలి, మెట్లు దిగాలి. ఆ ఒక్క గది దాటేసరికి ఆటకు కావలసిన పనులన్నీ వచ్చేస్తాయి, పాఠం చెప్పినట్టు కూడా ఉండదు. ఈరోజు కోట్లు పోసి తీసే ఆటలు గంటసేపు స్క్రీన్ మీద చీటీలు అంటించి కూడా ఇంత శుభ్రంగా నేర్పలేకపోతున్నాయి, నా మాట కాదంటే వాదనకు రెడీ.

నీ ల్యాప్‌టాప్‌కి, నీ గంటకి నేను చెప్పేది క్రోనో ట్రిగ్గర్. 1995లో సూపర్ నింటెండో అనే టీవీ గేము పెట్టెకి వచ్చింది, 2018 నుంచి కంప్యూటర్ గేములు అమ్మే ఆన్‌లైన్ కొట్టు స్టీమ్‌లో కూడా ఉంది, ఫోన్లో కూడా దొరుకుతుంది. గ్రాఫిక్స్ కార్డు ఊసే అక్కర్లేదు. డ్రాగన్ క్వెస్ట్ తీసిన హొరీ, ఫైనల్ ఫాంటసీ తీసిన సకగూచీ, బొమ్మలకి అకిరా తోరియామా కలిసి పనిచేసిన ఆట. తోరియామా అంటే మన చిన్నప్పుడు టీవీలో చూసిన డ్రాగన్ బాల్ బొమ్మలాయనే. ఈ ఆటలో హీరో జుట్టు చూడగానే గుర్తుపడతావు. ఇరవై, ఇరవై అయిదు గంటల్లో కథ అయిపోతుంది, అంటే రోజుకో గంట చొప్పున ఒక నెల.

దాని మొదటి అరగంట సంగతి చెప్తా, ఆర్పీజీ అంటే ఏమిటో అక్కడే ఉంది. కాస్త కథ బయటపెట్టక తప్పదు. హీరో వాళ్లమ్మ కర్టెన్ లాగి నిద్రలేపుతుంది, ఊళ్లో రాజ్యానికి వెయ్యేళ్లు నిండిన జాతర. నువ్వు వెళ్తుంటే ఒకమ్మాయి ఎదురొచ్చి గుద్దుకుంటుంది, ఇద్దరూ కింద పడతారు, ఆమె లాకెట్ ఎగిరి పక్కన పడుతుంది. ముందు అమ్మాయిని పలకరిస్తావా, లాకెట్ ఏరుకుంటావా? అక్కడే ఓ బల్ల మీద ఎవరిదో భోజనం ఉంటుంది, తింటే ఆరోగ్యం పెరుగుతుంది, అడిగేవాడు లేడు. ఒక చిన్నపాప పిల్లి తప్పిపోయిందని ఏడుస్తుంటుంది. ఆ అమ్మాయేమో మిఠాయి కొట్టు దగ్గర ఏది కొనాలో తేల్చుకోలేక నిలబడుతుంది, నువ్వు ఆగాలి. ఇవన్నీ ఉత్త కాలక్షేపంలా కనిపిస్తాయి. కొన్ని గంటల తర్వాత నిన్ను తీసుకెళ్లి కోర్టు బోనులో నిలబెడతారు, అప్పుడు ఆ జాతరలో నువ్వు చేసిన పనులన్నీ సాక్ష్యంగా వస్తాయి. ఆ భోజనం తిన్నావా లేదా, పిల్లిని పాపకి తెచ్చిచ్చావా లేదా. జ్యూరీ ఏడుగురు ఒక్కొక్కరే నడిచొచ్చి ఇటో అటో నిలబడుతుంటే నిజంగా టెన్షన్ వస్తుంది. వైస్ సిటీలో నువ్వు ఎంతమందిని గుద్దేసి వెళ్లినా రెండు వీధులు దాటాక ఎవరికీ గుర్తుండదు. ఇక్కడ ఆట గుర్తుపెట్టుకుంటుంది. ఆ తేడా రుచి తగిలిందా, మిగతా ఆర్పీజీలన్నీ నీకు తలుపు తీసినట్టే.

పోరాటం గురించి ఒక్క సెట్టింగు. యాక్టివ్, వెయిట్ అని రెండుంటాయి, వెయిట్ పెట్టుకో. మంత్రమో మందో వెతుక్కుంటూ మెనూలో ఉన్నంతసేపు టైమ్ ఆగుతుంది, కాఫీ తాగుతూ ఆలోచించుకోవచ్చు. శత్రువులు కూడా చాలావరకు ఎక్కడివాళ్లక్కడ కనబడుతూనే ఉంటారు, నడుస్తుంటే అడుగడుక్కీ ఎక్కణ్ణుంచో ఊడిపడరు. ఏ బాస్ దగ్గరైనా, అంటే దారికి అడ్డంగా నిలబడే పెద్ద శత్రువు దగ్గర, రెండుసార్లు చచ్చిపోతే మూడోసారి అదే పని చేయకు. వెనక్కి వెళ్లి నాలుగు చిన్న పోరాటాలు చేసి ఓ లెవెల్ పెంచుకో, దీన్నే గ్రైండింగ్ అంటారు, లేదా ఊళ్లోకి వెళ్లి కొత్త కత్తి కొను. అప్పటికీ కాకపోతే నెట్‌లో చూసి తెలుసుకో, ఎవరూ జైల్లో పెట్టరు. ఊరు దాటే ముందు ప్రతిసారీ సేవ్ చెయ్యి. నీది ల్యాప్‌టాప్ కాబట్టి సరే కానీ మీ రూమ్మేట్ లాంటి డెస్క్‌టాప్ వాళ్లు యూపీఎస్ లేకుండా ఆడుతుంటే వానాకాలంలో మన కరెంటు సంగతి నేను చెప్పాలా.

కొత్తవాళ్లని ఎక్కువగా ముంచేది సైడ్ క్వెస్టులు. ఊళ్లో కనబడ్డ ప్రతివాడూ ఒక పని చెప్తాడు, అన్నీ చేసి తీరాలనుకుంటే అసలు కథ ఎక్కడుందో మర్చిపోయి నెల తిరిగేసరికి మొహం మొత్తుతుంది. ఆంధ్రా మెస్‌లో వడ్డించేవాడు వస్తూనే ఉంటాడు, చెయ్యి అడ్డం పెట్టాల్సింది మనమే. నచ్చినవి చెయ్యి, మిగతావి వదిలెయ్యి. క్రోనో ట్రిగ్గర్‌లో సైడ్ క్వెస్టులు తక్కువ, చివర్లో గుత్తిగా వస్తాయి, అన్నీ చేయదగ్గవే.

ఎల్డెన్ రింగ్ సంగతి. 2022లో వచ్చింది, గొప్ప ఆటే, కాదనను. కానీ ఈజీ, నార్మల్ అని ఎంచుకునే వీలే లేదు. బయటి ప్రపంచంలోకి అడుగుపెట్టగానే బంగారు కవచం వేసుకుని గుర్రమెక్కినవాడు దారిలో కాపలా తిరుగుతుంటాడు, కొత్తవాళ్లంతా వీరావేశంతో వాడి మీదికి వెళ్లి చస్తారు. పక్కనుంచి తప్పుకుని పోవాలి అన్నదే అక్కడి పాఠం, కానీ ఆ పాఠం అంతకుముందు ఇంకో రెండు ఆటలు ఆడినవాడికి తలకెక్కుతుంది. ఆడకపోతే బతుకు వేస్టన్న మీ ఫ్రెండుకి ఆడినవాళ్లలో ఎంతమంది పూర్తిచేశారో కనుక్కోమను.

స్కైరిమ్ పేరు కూడా వింటావు, 2011ది. దాన్ని మొదటి ఆటగా చెప్పేవాళ్లు చాలామంది, వాళ్ల వాదనలో పస ఉంది. కత్తి ఎక్కువ వాడితే కత్తిసాము పెరుగుతుంది, నక్కి నక్కి నడిస్తే నక్కడం పెరుగుతుంది, లెక్కలు బుర్రకెక్కించుకోనక్కర్లేదు. కాకపోతే అది ఎటైనా పో అని వదిలేస్తుంది. రోజుకి గంట ఆడేవాడు నిన్న ఎక్కడున్నానబ్బా అని వెతుక్కోవడంలోనే పావుగంట పోగొట్టుకుంటాడు. ఆదివారాలు మొత్తం ఖాళీ ఉన్నవాడికైతే నేనూ అదే చెప్తాను. ఎలా మొదలెట్టినా చివరికి చీకట్లో నక్కి బాణాలేసేవాడిగానే తేలతారు, అది వేరే సంగతి.

క్రోనో ట్రిగ్గర్ అయ్యాక డ్రాగన్ క్వెస్ట్ 11 చూడు. దానికి కాస్త గట్టి సిస్టమ్ కావాలి, మీ వాణ్ణి అడుగు. నికార్సయిన టర్న్ బేస్డ్, అంటే వంతులవారీ పోరాటం, నీ వంతులో ఏం చేయాలో నువ్వు చెప్పేదాకా ఎవరూ కదలరు. యాభై, అరవై గంటలు పడుతుంది. ఆ తర్వాత విచర్ 3కి రా, కష్టం ఎంచుకునే చోట కథ మాత్రమే అన్నట్టు ఒకటుంటుంది, సిగ్గుపడకుండా అదే పెట్టుకో. నాకు తెలిసి ఆ ఆటని అందరూ పొగిడేది దాని కథనీ మనుషులనీ చూసే, కత్తియుద్ధం చూసి కాదు.

కొనేటప్పుడు ఒక్కటే కొను. స్టీమ్‌లో వేసవి సేలు, చలికాలం సేలు అని పెడతారు, తగ్గింపు చూసి పది కొంటే పదీ అలాగే పడుంటాయి. కొన్న 14 రోజుల్లోపు, ఆడింది రెండు గంటల లోపు అయితే డబ్బు వెనక్కిస్తారు, అది గుర్తుపెట్టుకో. ఇంకోటి, ఆఫీసు ల్యాప్‌టాప్‌లో మాత్రం వెయ్యకు. ఐటీ వాళ్ల మెయిల్ వచ్చాక నా పేరు చెప్పొద్దు.

ప్రశ్న: నమస్తే అండీ. మేము వైట్‌ఫీల్డ్‌లో ఉంటాం, ఇద్దరం ఉద్యోగాలే. మా ఆయనకి గేమింగ్ పీసీ ఉంది, ఆయన ఆడేవన్నీ ఫుట్‌బాల్, కార్ల రేసులు. ఇద్దరం కలిసి కథ ఉన్న ఆట ఆడాలని ఉంది. బాల్డర్స్ గేట్ 3 కొందామంటున్నారు. ఇద్దరికీ ఇలాంటివి కొత్తే. ఇబ్బంది పడతామా?

జవాబు: పైన తమ్ముడికి చెప్పినదానికి మీ ఇల్లు మినహాయింపండీ. వంద గంటలు దాటే ఆట అయినా, పక్కన ఇంకో మనిషి ఉంటే తెలియనిది ఒకరికొకరు చెప్పుకుంటారు, ఒకరు విసుగ్గా లేచిపోబోతే ఇంకొకరు కూర్చోబెడతారు. బెల్జియం కంపెనీ లారియన్ 2023 ఆగస్టులో విడుదల చేసిన ఆట అది. ఇందాక చెప్పిన డంజియన్స్ అండ్ డ్రాగన్స్ నియమాలనే కంప్యూటర్లో పెట్టారు, పోరాటమంతా వంతులవారీగానే. నెట్‌లో నలుగురిదాకా కలిసి ఆడొచ్చు. రెండు కంట్రోలర్లు ఉంటే ఒకే స్క్రీన్‌ని రెండుగా చీల్చి సోఫాలో కూర్చునే ఆడుకోవచ్చు.

ముందు ఎస్‌ఎస్‌డీలో 150 జీబీ ఖాళీ చేసుకోండి, డౌన్‌లోడ్ రాత్రి పెట్టి పడుకోండి. కష్టం ఎంచుకునే దగ్గర తేలికైన ఎక్స్‌ప్లోరర్ పెట్టండి. పాత్రలు తయారుచేసుకునే చోట పన్నెండు రకాల వృత్తులు చూపిస్తారు, అక్కడే చాలామంది సాయంత్రం గడిపేస్తారు. ఒకరు ఫైటర్ తీసుకోండి, కొట్టడం తప్ప పెద్దగా ఆలోచించే పనుండదు. రెండోవాళ్లు మాటకారి పాత్ర తీసుకోండి, పాటలు పాడే బార్డ్ బాగుంటుంది. కొట్టకుండా మాటలతో గట్టెక్కే సందర్భాలు చాలా ఉన్నాయి. విజర్డ్‌ని, అదే మంత్రగాణ్ణి, మాత్రం ఇప్పుడే ముట్టుకోకండి, మంత్రాల జాబితా చదివేసరికి తెల్లారిపోతుంది. ఎలాగూ దారిలో ఒక విజర్డ్ దొరుకుతాడు. రాతి మీద వెలుగుతున్న గుర్తులోంచి ఒక చెయ్యి మాత్రం బయటికొచ్చి సాయం చేయమంటుంది, పట్టుకుని లాగితే అతనే. లాగకుండా ఆ చేతి మీద ఒక్కటి చరవచ్చు కూడా, మీ ఇద్దర్లో ఎవరు ఏ రకమో అక్కడే తేలిపోతుంది.

మాట్లాడేటప్పుడు స్క్రీన్ మీద ఇరవై ముఖాల పాచిక దొర్లుతుంది. ఒకటి పడిందంటే మీరెంత గొప్పవాళ్లయినా ఆ పని చెడినట్టే, ఇరవై పడితే ఎంత కష్టమైనదైనా అయినట్టే. చెడినప్పుడల్లా పాత సేవ్‌కి వెళ్లిపోవాలని చెయ్యి లాగుతుంది. ఎఫ్8 నొక్కితే చాలు, ఒక్క క్షణం పని. ప్రాణం మీదికొస్తే నొక్కండి కానీ ప్రతిదానికీ నొక్కకండి, ఈ ఆటలో చెడిపోయిన పనుల తర్వాతే తమాషా ఎక్కువ. పెద్దలకు మాత్రమే అనదగ్గ సన్నివేశాలున్నాయి, నగ్నత్వం కనబడకుండా చేసుకునే సెట్టింగు ఉంది, అత్తగారు వాళ్లు వచ్చే వారానికి ముందే చూసుకోండి.

ప్రశ్న: అయ్యా, నమస్కారం. విజయనగర నుంచి రాస్తున్నాను. మా అబ్బాయి తొమ్మిదో తరగతి. ఏదో ఆర్పీజీ ఆటంట, కొనిపెట్టమని ప్రాణం తీస్తున్నాడు. ఆన్‌లైన్ రమ్మీలో డబ్బులు పోగొట్టుకున్నవాళ్ల గురించి పేపర్లో చదివి భయంగా ఉంది. ఇదీ అలాంటిదేనా? పిలిస్తే భోజనానికి కూడా రాడు, సేవ్ చేసి వస్తానంటాడు.

జవాబు: అమ్మా, రమ్మీకీ దీనికీ సంబంధం లేదు. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం నిషేధించింది డబ్బు గెలుస్తామని డబ్బు పెట్టి ఆడే ఆటల్ని. మీ అబ్బాయి అడుగుతున్నది ఒకసారి కొని కథ చదువుకున్నట్టు ఆడుకునేదైతే అందులో పందెం ఉండదు.

మీరు భయపడాల్సింది ఉచితం అని చెప్పే వాటికి. గెన్షిన్ ఇంపాక్ట్ అని 2020లో వచ్చిన ఆట ఉంది, ఫోన్లోనే అచ్చం సినిమాలా ఉంటుంది, డబ్బు కట్టకుండానే కథంతా ఆడొచ్చు, ఆట బాగుంటుంది కూడా. కానీ కొత్త పాత్రలు కావాలంటే లాటరీ తీసినట్టు తీయాలి. మేలైన పాత్ర వచ్చే అవకాశం ఒక్కోసారికి 0.6 శాతం, వరసగా 90 సార్లు తీస్తే అప్పుడు ఒకటి గ్యారంటీ, అదీ వాడు కోరుకున్నదే అవుతుందని లేదు. ఆ తీయడానికి పిల్లలు అమ్మానాన్నల యూపీఐ వైపు చూస్తారు. ఇలాంటి ఆటలున్న ఫోన్లో కార్డూ యూపీఐ పెట్టకండి, ప్లే స్టోర్‌లో కొనేటప్పుడు ప్రతిసారీ పాస్‌వర్డ్ అడిగేలా చేయండి.

ఏ ఆటో పేరు రాయించుకుని దాని వయసు గుర్తు చూడండి. విచర్ 3, బాల్డర్స్ గేట్ 3 రెండూ యూరప్ లెక్కలో 18 దాటినవాళ్లవి, తొమ్మిదో తరగతికి వద్దు. డ్రాగన్ క్వెస్ట్ 11 అయితే అదే లెక్కలో 12. దానికి ఉచిత డెమో ఉంది, ఓ పది గంటలు ఆడుకోవచ్చు, తర్వాత కొంటే ఆగిన చోటు నుంచే సాగుతుంది. ముందు అది వేయించండి, రెండు వారాలయ్యాక కూడా వాడికి ఆసక్తి ఉంటే అప్పుడు పర్సు తీయొచ్చు.

ఇక సేవ్ మాట. అన్నిసార్లూ సాకు కాదమ్మా. పాత తరహా ఆటల్లో ఎక్కడ పడితే అక్కడ సేవ్ కాదు, గుడి దగ్గరికో శిబిరం దగ్గరికో నడిచి వెళ్లాలి, మధ్యలో కట్టేస్తే అప్పటిదాకా ఆడింది గల్లంతు. పది నిమిషాల ముందు ఒకసారి చెప్పండి, ఎక్కడ సేవ్ చేస్తావో చూపించమనండి. పదిహేను నిమిషాలు దాటితే మాత్రం అది సాకే.

ప్రశ్న: అన్నా, కేఆర్ పురంలో మొబైల్ షాపు నాది. పదో తరగతిదాకా తెలుగు మీడియం, ఇంగ్లీషు అంతంతమాత్రం. ఈ ఆటలన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయిగా, నాలాంటివాడు ఆడగలడా?

జవాబు: ఆడగలవు తమ్ముడూ, ఆట చూసి ఎంచుకుంటే. ఈ పేజీలో నేను పేర్లు చెప్పిన వాటిలో దేనికీ అధికారికంగా తెలుగు లేదు, ఆ మాట ముందే చెప్పాలి. నువ్వు చూసుకోవాల్సింది ఒకటే, డైలాగు నీ కోసం ఆగుతుందా లేదా. పాత జపాన్ ఆటల్లో కింద పెట్టెలో రెండు మూడు లైన్లు వస్తాయి, నువ్వు బటన్ నొక్కేదాకా అలాగే ఉంటాయి. నిదానంగా చదువుకో, అర్థం కాకపోతే ఫోన్ కెమెరా పెట్టి గూగుల్ లెన్స్‌లో తెలుగు చూసుకో. విచర్ 3 లాంటి వాటిలో పాత్రలు మాట్లాడుకుంటూ పోతుంటే కింద అక్షరాలు కూడా వాటితోపాటే పోతాయి.

ఇంగ్లీషు వరకు చూస్తే నీకు ఫైనల్ ఫాంటసీ పాత భాగాలు మేలు. ఒకటి నుంచి ఆరు దాకా పిక్సెల్ రీమాస్టర్ అని ఫోన్లోనూ కంప్యూటర్లోనూ ఉన్నాయి, మాటలు పొట్టిగా సూటిగా ఉంటాయి. మొదటిదే మొదలుపెట్టు, కథ చిన్నది. దాడి, మందు, కవచం, తాళంచెవి, ఇవే పదాలు మళ్లీ మళ్లీ వస్తాయి, వారం తిరిగేసరికి చూడకుండా తెలిసిపోతాయి. పైన అందరికీ చెప్పిన డ్రాగన్ క్వెస్ట్ 11 మాత్రం నీకు వద్దు. ఊరికో యాస పెట్టారు, ఒక ఊళ్లో జనమంతా జపాన్ హైకూల్లా మూడు పాదాల్లోనే మాట్లాడతారు, ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లకే సరదా అది. డిస్కో ఎలీసియం అని ఇంకొకటుంది, 2019ది, మామూలు పోరాటాలంటూ ఉండవు, అంతా చదవడమే. నాకు ప్రాణం ఆ ఆటంటే, అయినా నీకిప్పుడే చెప్పను.

ప్రశ్న: కంట్రోలర్ తప్పనిసరా? ఎస్పీ రోడ్‌లో తక్కువకి దొరుకుతున్నాయి, కొనొచ్చా? — ఎలహంక పాఠకుడు

జవాబు: వంతులవారీ ఆటకి కీబోర్డు చాలు. మంచం మీద వెనక్కి వాలి ఆడాలనుంటే కొనుక్కోండి. కొట్లోనే వాళ్ల కంప్యూటర్‌కి తగిలించి చూపించమనండి. విండోస్‌లో గేమ్ కంట్రోలర్ల సెట్టింగులో ప్రాపర్టీస్ తెరిస్తే మామూలుగా ఎడమ స్టిక్కుకి చిన్న ప్లస్ గుర్తు, కుడిదానికి గీతలు కనిపిస్తాయి, రెండు స్టిక్కులూ గుండ్రంగా తిప్పి వదిలేయండి. చెయ్యి తీశాక వాటిలో ఏదైనా మధ్యలో నిలవకుండా ఒక పక్కకి జారుతుంటే ఎంత తగ్గించినా వద్దనండి. బిల్లు అడగండి, బిల్లు లేకుండా వారంటీ ఉందనే మాట నమ్మకండి.